నాలుగొందల సినిమా డిస్క్‌లు: అమ్మితే ఎంతొస్తుంది?

చదివే మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలని ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. డాలస్‌లో ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్ వెళ్ళిపోతున్నారు. దాదాపు నాలుగొందల డిస్క్‌లున్నాయి. ఎక్కువ భాగం హాలీవుడ్ డీవీడీలు, ఓ వంద బ్లూరేలు, పదిహేను దాకా 4కెలు (బ్లూరే కన్నా స్పష్టంగా బొమ్మ కనిపించే రకం), ఒక అరలో క్లాసిక్ సినిమాలకి పేరుపడ్డ క్రైటీరియన్ కంపెనీ డిస్క్‌లు ఇరవై, వీటికి తోడు ఒక అట్టపెట్టెలో తెలుగు డీవీడీలు. కొన్నప్పుడు ఒక్కోదానికి పదిహేను, ఇరవై డాలర్లు పెట్టారు కాబట్టి, "సగం ధరకి అమ్మినా మూడు వేల డాలర్లు రావా?" అని అడిగారు.

రావు. మీరు చెప్పిన సరుకుని బట్టి నా అంచనా ఏడొందల నుంచి తొమ్మిదొందల డాలర్లు. అది కూడా ఓపికగా ఏరుకుని అమ్మితేనే. వచ్చిన డబ్బులో ముప్పాతిక భాగం ముప్ఫై, నలభై డిస్క్‌ల నుంచే వస్తుంది. మిగతా మూడొందల అరవైకి విడివిడిగా ధర కట్టడానికి కూర్చుంటే, ఆ టైముకి కూలి కూడా గిట్టదు. పాత డిస్క్‌లకి అంచనా వెయ్యడమంటే ఆ ముప్ఫై, నలభై ఏవో పట్టుకోవడమే. ఇక్కడ సెకండ్‌హ్యాండ్ డిస్క్‌లు కొని అమ్మడం నాకు చాలాకాలంగా ఉన్న సైడు వ్యాపారం. నేను ఎలా ఏరుతానో అదే రాస్తున్నాను.

చాలామంది సినిమా పేరు కొట్టి ధర వెతుకుతారు. ధర సినిమాకి ఉండదు, ఎడిషన్‌కి ఉంటుంది. ఒకే సినిమాకి మామూలు డీవీడీ, రెండు డిస్క్‌ల స్పెషల్ ఎడిషన్, బ్లూరే, రేకు డబ్బాలో వచ్చే స్టీల్‌బుక్, చిన్న లేబుల్, అంటే డిస్క్‌లు వేసే చిన్న కంపెనీ, తెచ్చిన లిమిటెడ్ ఎడిషన్ అన్నీ ఉండొచ్చు. మొదటిది అర డాలరుకి కూడా పోదు, చివరిది నలభై డాలర్లు పలకొచ్చు. అందుకని అట్ట వెనక్కి తిప్పి బార్‌కోడ్ కింద ఉన్న పన్నెండు అంకెలు కొట్టి వెతకండి. ఫోన్‌లో ఈబే యాప్ ఉంటే బార్‌కోడ్‌ని కెమెరాతోనే స్కాన్ చెయ్యొచ్చు. ఏ ఎడిషనో అనుమానం వస్తే బ్లూరే డాట్ కామ్‌లో చూడండి. ఏ సంవత్సరం వచ్చింది, ఎన్ని డిస్క్‌లు, పైన అట్ట తొడుగు ఉందా, ఇంకా ప్రింట్‌లో ఉందా, అంటే కొత్త కాపీలు ఇంకా అచ్చవుతున్నాయా, అన్నీ అక్కడ దొరుకుతాయి. క్రైటీరియన్ వాటికైతే పక్కన వెన్ను మీద నంబరు ఉంటుంది, అది చాలు.

రెండో సంగతి, అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ఈబేలో ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. వెన్ను మీద నల్ల వజ్రం గుర్తుతో వచ్చిన పాత డిస్నీ బ్లాక్ డైమండ్ వీడియో క్యాసెట్ల గురించి వినే ఉంటారు. వేలకి వేల డాలర్లు అడుగుతూ లిస్టింగులు కనిపిస్తాయి, వాటిని చూసి అటక మీద నిధి ఉందని సంబరపడేవాళ్ళు ఏటా తయారవుతారు. లక్షల సంఖ్యలో అచ్చయిన ఆ క్యాసెట్లు నిజంగా అమ్ముడయ్యేది కొద్ది డాలర్లకే. ఫిల్టర్లలో "అమ్ముడైనవి" అన్నదానికి టిక్ పెట్టండి, గత మూడు నెలల్లో నిజంగా చేతులు మారిన ధరలు కనిపిస్తాయి. అందులో అన్నిటికన్నా పెద్ద అంకె మీద కన్ను పడడం సహజం, దాన్ని వదిలెయ్యండి. ఎక్కువ అమ్మకాలు ఏ ధర దగ్గర గుమిగూడాయో అదే మీ ధర. ధర మీద అడ్డగీత కనిపిస్తే బేరం కుదిరి తక్కువకి పోయిందని అర్థం, ఆ కుదిరిన ధర అక్కడ చూపించరు. అలాంటివాటిని లెక్కలోకి తీసుకోకండి.

ఇంకో చూపు కూడా అవసరం. అదే ఎడిషన్ మూడు నెలల్లో ఎన్ని అమ్ముడయ్యాయి, ఇప్పుడు ఎన్ని అమ్మకానికున్నాయి? ఇరవై అమ్ముడై అయిదు మాత్రమే మిగిలి ఉంటే మీ డిస్క్ వారంలో పోతుంది. రెండు అమ్ముడై ఎనభై ఎదురుచూస్తుంటే, ధర ఎంత ఘనంగా కనిపించినా మీరు విమానం ఎక్కేలోపు పోదు. ఇల్లు ఖాళీ చేసే తేదీ పెట్టుకున్న మీలాంటివాళ్ళకి ధరకన్నా ఈ లెక్కే ముఖ్యం. అరుదైనవాటికి మూడు నెలల సమాచారం చాలకపోతే, ఈబేలో అమ్మేవాళ్ళకుండే సెల్లర్ హబ్ పేజీలో టెరాపీక్ అనే పరికరం ఉంది, మూడేళ్ళ వెనక్కి చూపిస్తుంది.

ఇప్పుడు చేతికొచ్చేది ఎంతో చూద్దాం. పోస్టేజీతో కలిపి పది డాలర్లకి ఒక బ్లూరే అమ్మారనుకోండి. సినిమాల కేటగిరీలో ఈబే కమీషన్ సుమారు 15 శాతం. అది మీ పది డాలర్ల మీద కాదు, కొన్నవాడు కట్టిన సేల్స్ ట్యాక్స్‌తో కలిపిన మొత్తం మీద. పైన ఆర్డరుకి ఇన్ని సెంట్లని ఒక చిన్న ఫీజు. అంటే రెండు డాలర్లు అక్కడే పోయాయి. పోస్టాఫీసులో సినిమా డిస్క్‌లకి అన్నిటికన్నా చవక మీడియా మెయిల్, అదీ నాలుగున్నర, అయిదు డాలర్ల దాకా అవుతుంది. బబుల్ కవరుకి అర డాలరు. మీకు మిగిలేది మూడు డాలర్ల లోపే. ముప్ఫై డాలర్ల డిస్క్ అయితే ఇదే లెక్కలో పంతొమ్మిది దాకా మిగులుతుంది. అందుకే నేను పన్నెండు డాలర్ల లోపు పలికేదాన్ని విడిగా లిస్ట్ చెయ్యను, గుత్తలో కలిపేస్తాను. మీ గీత ఇంకొంచెం పైనే పెట్టుకోండి, ఎందుకంటే మీకు ప్యాకింగు సామాను, అలవాటు రెండూ కొత్త.

అసలు ఒక డిస్క్‌కి ధర ఎందుకు పెరుగుతుంది? పాతదని కాదు, సినిమా గొప్పదనీ కాదు. హక్కుల చిక్కు వల్ల మళ్ళీ అచ్చు వెయ్యలేని పరిస్థితి ఉండి, కావాలనేవాళ్ళు ఉంటే పెరుగుతుంది. కెవిన్ స్మిత్ తీసిన "డాగ్మా" ఏళ్ళ తరబడి ఏ ఓటీటీలోనూ లేదు, కొత్త డిస్క్ కూడా రాలేదు, హక్కులు నిర్మాతలు వైన్‌స్టీన్ సోదరుల దగ్గర ఇరుక్కుపోయాయి. ఆ రోజుల్లో పాత డిస్క్‌కి మంచి ధర పలికింది. ట్విలైట్ టైమ్ అనే లేబుల్ 2011 నుంచి 2020 దాకా నడిచింది. ఎక్కువ సినిమాలు మూడేసి వేల కాపీలే వేసేది. మీ అరలో ఆ పేరున్న బ్లూరే ఒక్కటి కనిపించినా పక్కన పెట్టి విడిగా వెతకండి.

అయితే ఈ ధర ఎప్పుడు కూలుతుందో చెప్పలేం. ఇటలీ దర్శకుడు పసోలినీ తీసిన "సాలో" క్రైటీరియన్ డీవీడీ 1998లో వచ్చి, హక్కుల గొడవతో త్వరగానే ఆగిపోయింది. ఏళ్ళపాటు వందల డాలర్లు పలికింది, నకిలీలు కూడా పుట్టుకొచ్చాయి. 2008లో అదే క్రైటీరియన్ మళ్ళీ విడుదల చేసింది. మంచి ప్రింటు మామూలు ధరకి దొరుకుతుంటే పాతదానికి వందలు పెట్టడానికి మిగిలేది ముచ్చటపడే కలెక్టర్లే. కాబట్టి మీ దగ్గర ఖరీదైనది ఉందని తేలితే, "ఇంకా పెరుగుతుందేమో" అని హైదరాబాద్ పట్టుకెళ్ళకండి. మళ్ళీ విడుదల చేస్తున్నామని ప్రకటన వచ్చిన రోజునే ధర కిందకి జారుతుంది, విడుదలయ్యేదాకా కూడా ఆగదు.

మీ క్రైటీరియన్ అర గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది ఆశపడతారు. ప్రింట్‌లో ఉన్న క్రైటీరియన్ బ్లూరే అట్ట మీద ధర 39.95 డాలర్లు. కానీ బార్న్స్ అండ్ నోబుల్ పుస్తకాల షాపుల వాళ్ళు జులైలో, నవంబరులో సగం ధరకి అమ్ముతారు. మధ్యలో క్రైటీరియన్ కూడా ఒక్కరోజు సేల్స్ పెడుతుంది. కొత్త సీలు డిస్క్ ఏడాదిలో ఇన్నిసార్లు ఇరవైకి దొరుకుతుంటే వాడినదానికి పదమూడు, పదిహేనుకి మించి ఎవరిస్తారు? ఆ సేల్ నడిచే నెలల్లో అసలు లిస్ట్ చెయ్యకండి. ప్రింట్‌లో లేనివాటికి ఈ సూత్రం వర్తించదు. 2010 ప్రాంతంలో హక్కులు స్టూడియో కెనాల్ అనే ఫ్రెంచి కంపెనీకి వెనక్కి పోవడంతో ఆగిపోయినవి, "ది థర్డ్ మ్యాన్" బ్లూరే లాంటివి, ఇప్పటికీ గిరాకీ ఉన్నవే. డీవీడీ క్రైటీరియన్లకి మాత్రం, అదే సినిమా బ్లూరేలో ఉంటే, పెద్ద మోజు లేదు.

కండిషన్ విషయానికొద్దాం. ఇందులో డీవీడీ, బ్లూరే, వీసీడీ మూడూ మూడు రకాలు. డీవీడీ అంటే రెండు సన్నని ప్లాస్టిక్ పలకల్ని అంటించి మధ్యలో సమాచారం దాచింది. కింద గీతలు పడితే దుకాణంలో మిషను మీద పాలిష్ చేయించొచ్చు. వీసీడీలో సమాచారం పైనున్న బొమ్మ కిందే ఉంటుంది. పైన గీత పడితే అంతే సంగతులు, పాలిష్‌కి లొంగదు. బ్లూరేలో సమాచారం అడుగుభాగానికి మిల్లీమీటరులో పదోవంతు లోతులోనే ఉంటుంది. ఆ అడుగున గట్టి పూత ఉండడం వల్ల తేలిగ్గా గీతలు పడవు, కానీ లోతుగా పడితే పాలిష్ పట్టించే వీల్లేదు. గీత ఎటు పోయిందో కూడా చూడాలి. మధ్య నుంచి అంచుకి అడ్డంగా పోయిన గీతని ప్లేయరు చాలావరకు సర్దుకుంటుంది. గుండ్రంగా ట్రాకు వెంబడే పోయిన గీత సన్నదైనా సినిమా ఆగిపోతుంది.

గీత లేకపోయినా పాడైనవి ఉంటాయి. 2006 నుంచి 2008 మధ్య తయారైన వార్నర్ డీవీడీల్లో కొన్ని లోపలే చెడిపోయి ఆడకుండా పోతున్నాయి. 2025లో వార్నర్ కంపెనీయే ఒప్పుకుని, వీలైనవాటిని మార్చి ఇస్తామంది. మీ డీవీడీల్లో ఆ కాలపు వార్నర్ బాక్స్‌సెట్లు ఉంటే అమ్మేముందు ఆడించి చూడండి. మొదటి పది నిమిషాలు చూసి బాగుందనుకోవద్దు. డీవీడీ మధ్య నుంచి మొదలై అంచు వైపు నడుస్తుంది, సమాచారం రెండు పొరల్లో ఉన్న డిస్క్‌లో సగం సినిమా అయ్యాక అంచు నుంచి మళ్ళీ లోపలికి తిరుగుతుంది. చెడు ఎక్కువగా అంచున మొదలవుతుంది కాబట్టి సినిమా సరిగ్గా సగానికి అటూ ఇటూ ఓ పావుగంట పెట్టి చూస్తే చాలు. రెండువైపులా ముద్రించిన డీవీడీ-18 సెట్లు, పాత టీవీ సీరియళ్ళలో ఎక్కువ, వాటినైతే నేను ఆడించకుండా కొననే కొనను.

పైన ఉండే అట్ట తొడుగుకి డిస్క్ కన్నా ఎక్కువ విలువ ఉండే సందర్భాలున్నాయి, నవ్వొచ్చినా నిజం. చిన్న లేబుళ్ళ లిమిటెడ్ ఎడిషన్లలో తొడుగు, లోపలి బుక్‌లెట్, పోస్టర్ పోతే ధర దాదాపు సగానికి పడుతుంది. స్టీల్‌బుక్‌కి మూల సొట్టపోతే అంతే. పాత వీడియో షాపుల స్టిక్కర్లున్నవి, అద్దె కాపీ అని ముద్రించినవి ధరలో అడుక్కి పోతాయి. డిజిటల్ కోడ్ కాగితం వాడకుండా ఉంటే అది అలాగే డిస్క్‌తో ఉంచండి, కొనేవాళ్ళు ఇష్టపడతారు. కోడ్ ఒక్కటే విడదీసి అమ్మడానికి స్టూడియోల నిబంధనలు ఒప్పుకోవు.

తెలుగు డీవీడీల పెట్టె. మీకు బాధ కలిగినా చెప్పాలి, ఇందులో డబ్బు దాదాపు లేదు. ఇండియాలో 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వీసీడీని 28 రూపాయలకి, డీవీడీని 34 రూపాయలకి దింపినప్పుడే డిస్క్ అనేది దాచుకునే వస్తువు కాకుండా పోయింది. ఆ కంపెనీ కూడా 2018లో లిక్విడేషన్‌కి వెళ్ళింది. తర్వాత వోల్గా వీడియో, శ్రీ బాలాజీ, షాలిమార్ లాంటివాళ్ళు పాత సినిమాలు యూట్యూబులో పెట్టేశారు. ఇండియన్ స్టోరులో ఒకప్పుడు అయిదు డాలర్లకి కొన్నదాన్ని ఇప్పుడు ఉచితంగా ఇస్తానన్నా తీసుకునేవాళ్ళు తక్కువ. ఒక డిస్క్‌లో మూడు సినిమాలు కుక్కినవైతే మరీను.

రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, యూట్యూబులో లేని సినిమాలు, లేదా అక్కడ ఉన్నా సీన్లు కోసేసి, పక్కలు కత్తిరించి ఉన్నవి. పాత డీవీడీలో పూర్తి నిడివి ప్రింటు ఉంటే సినిమా పిచ్చి ఉన్నవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. వీటిని ఈబేలో కాదు, తెలుగు సినిమా అభిమానుల గ్రూపుల్లో అడగండి. రెండు, తెలుగు సినిమాల విదేశీ బ్లూరేలు. బాహుబలి, ఆర్ఆర్ఆర్ జపాన్‌లో బాగా ఆడాయి, అక్కడ బ్లూరేలు కూడా వచ్చాయి. డిస్క్‌లకి రీజియన్ అని ప్రాంతాల వారీ తాళం ఉండొచ్చు, తాళం ఉన్నది వేరే ప్రాంతపు ప్లేయరులో ఆడదు. జపాన్, అమెరికా రెండూ బ్లూరే రీజియన్ ఎ కాబట్టి ఇక్కడి ప్లేయర్లలో ఆడతాయి. సబ్‌టైటిల్స్ ఏ భాషలో ఉన్నాయో లిస్టింగులో తప్పకుండా రాయండి, కొనేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే.

నకిలీ సంగతి ఈ పెట్టె దగ్గరే చూసుకోవాలి. డిస్క్ అడుగు ఊదా రంగులోనో, ముదురు నీలంలోనో ఉంటే అది కంప్యూటర్లో కాపీ కొట్టింది. ఫ్యాక్టరీలో అచ్చు వేసినవి వెండి రంగులోనో, రెండు పొరలైతే లేత బంగారు రంగులోనో ఉంటాయి. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న అద్దంలాంటి వలయంలో సన్నటి అక్షరాల్లో ఐఎఫ్‌పీఐ అని ఒక కోడ్ ఉండాలి. అది లేనంత మాత్రాన నకిలీ అని తీర్పు చెప్పలేం గానీ, అట్ట మసగ్గా ఉండి, కోడ్ కూడా లేకపోతే అమ్మకానికి పెట్టకండి, ఖాతా మూసేస్తారు. అసలు డిస్క్ ఎక్కడ కొన్నా ఇక్కడ అమ్ముకోవచ్చు. హైదరాబాద్‌లో కొన్నది అమెరికాలో అమ్మితే తప్పా అని ఇంకెవరో అడిగారు. తప్పు లేదు. చట్టబద్ధంగా తయారైన కాపీని కొన్నవాడు మళ్ళీ అమ్ముకోవచ్చన్న నియమం విదేశాల్లో తయారైన కాపీలకి కూడా వర్తిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 2013లో కిర్ట్‌సాంగ్ కేసులో చెప్పింది. అది పాఠ్యపుస్తకాల కేసు, సూత్రం మాత్రం ఒకటే.

అమ్మాలా, పట్టుకెళ్ళాలా అన్నది కూడా అంచనాలో భాగమే. అమెరికా డీవీడీలు రీజియన్ 1, ఇండియా రీజియన్ 5. బ్లూరేలో అమెరికా ఎ, ఇండియా సి. చాలా స్టూడియోలు బ్లూరేకి తాళం వెయ్యవు, క్రైటీరియన్ వాళ్ళు వేస్తారు. 4కె డిస్క్‌లకి రీజియన్ గొడవ లేదు. కాబట్టి ఇష్టమైన 4కెలు నిశ్చింతగా సూట్‌కేసులో పెట్టుకోవచ్చు. ప్లాస్టిక్ కేసులు వదిలేసి డిస్క్‌లు, అట్టలు మాత్రం సంచిలో పెట్టుకుంటే బరువు కలిసొస్తుంది, కానీ అలా విడదీస్తే మళ్ళీ అమ్మినప్పుడు ధర ఉండదు. ఇక్కడి ప్లేయరు కూడా తీసుకెళ్ళేట్టయితే వెనక చూడండి. 120 వోల్టులు మాత్రమే రాసి ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెట్టారో, పొగే. ప్లేయర్ల తయారీ కూడా తగ్గిపోతోంది కాబట్టి, పనిచేసే మంచి 4కె ప్లేయరుంటే అమ్మడం కన్నా ఉంచుకోవడమే నయమని నా అభిప్రాయం.

మామూలు డీవీడీల ధర ఎందుకింత పడిందంటే, సరుకు ఎక్కువ, దుకాణం తక్కువ. నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో పోస్టులో డీవీడీలు పంపడం మానేసింది, ఎలక్ట్రానిక్స్ దుకాణాల బెస్ట్ బై 2024లో డిస్క్‌లు తీసేసింది, అదే ఏడాది డిస్క్‌లు అద్దెకిచ్చే మిషన్ల రెడ్‌బాక్స్ దివాలా తీసింది. ఇల్లు సర్దుకునే ప్రతివాళ్ళూ అవే హిట్ సినిమాలు బయట పెడుతున్నారు. మరోపక్క 4కె, లిమిటెడ్ ఎడిషన్లు కొనే కలెక్టర్లు తగ్గలేదు, డిస్క్‌లు దొరకవేమోనన్న భయంతో కొంచెం ఎక్కువే కొంటున్నారు. మీ దగ్గర ఈ రెండు రకాలూ ఉన్నాయి, ఒకే తక్కెడలో వెయ్యకండి.

పని వరస ఇలా పెట్టుకోండి. ముందు అన్నిటినీ నేల మీద పరిచి, వెతక్కుండానే కంటితో ఏరండి. 4కె, క్రైటీరియన్, చిన్న లేబుళ్ళు, స్టీల్‌బుక్‌లు, సీలు విప్పని బాక్స్‌సెట్లు, పేరు తెలియని విదేశీ సినిమాలు, భయానక చిత్రాలు ఒక పక్కకి. భయానక చిత్రాలు అని ఎందుకన్నానంటే, వాటి అభిమానులు డిస్క్‌కి డబ్బు పెట్టినట్టు ఇంకెవరూ పెట్టరు. అలా ఓ అరవై తేలతాయి, వాటికే బార్‌కోడ్ వెతుకులాట. అందులో ఇరవై డాలర్లు దాటినవి ఈబేలో వెంటనే పెట్టండి, నెలన్నర గడువుంటే చాలు. మిగిలిన బ్లూరేలు ఒకే రకంవి పది, పదిహేను చొప్పున కట్టి ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టండి. పిల్లల సినిమాలు ఒక కట్ట, యాక్షన్ ఒక కట్ట. డిస్క్‌కి రెండు డాలర్ల లెక్కన, ఇంటికొచ్చి పట్టుకెళ్ళే షరతు మీద. డాలస్‌లో కొనేవాళ్ళు దొరుకుతారు.

చివర మిగిలిన డీవీడీలని గంపగుత్తగా హాఫ్ ప్రైస్ బుక్స్‌కి తీసుకెళ్ళండి. ఆ గొలుసు దుకాణాలు పుట్టిందే డాలస్‌లో, 1972లో. నార్త్‌వెస్ట్ హైవే మీదున్న పెద్ద దుకాణం మీకు తెలిసే ఉంటుంది. ఒక్కోదానికి లెక్క చెప్పరు, మొత్తం చూసి ఒక అంకె చెప్తారు. అది విని మొహం చిన్నబుచ్చుకోకండి, వాళ్ళ దగ్గర అవే సినిమాలు ఇప్పటికే బోలెడు. రెండొందల యాభై డీవీడీలకి డెబ్భై, ఎనభై డాలర్లు చెప్తే నేనైతే మారు మాట్లాడకుండా తీసుకుంటాను. ఏరిన అరవై మాత్రం పొరపాటున కూడా ఆ పెట్టెల్లో కలవనివ్వకండి. కౌంటరు దగ్గర మంచిదాన్ని గుర్తుపట్టినా మొత్తం అంకె పెద్దగా మారదు.

మీ క్రైటీరియన్ డిస్క్‌ల వెన్ను మీద నంబర్లు, ట్విలైట్ టైమ్‌వి ఏవైనా ఉంటే వాటి పేర్లు ఇక్కడే రాయండి. వాటిలో ఏవి విడిగా పెట్టాలో, ఏవి గుత్తలో కలిపెయ్యాలో చెప్తాను. తొడుగు ఉందో లేదో కూడా పక్కన రాయడం మర్చిపోకండి.